ఆయిల్ తీయడానికి గాలిమరలు: నార్వేలో బిల్లు ఎవరు కడుతున్నారు?

ఈరోజు టాపిక్ కొంచెం వింతగా ఉంటుంది. ఆయిల్ తీసే కంపెనీ ఒకటి, ఆ ఆయిల్ తీయడానికే గాలిమరలు పెట్టుకుంది. జోక్ కాదు. నార్వేలో, తీరం నుంచి దాదాపు 140 కిలోమీటర్ల దూరంలో, నడిసముద్రంలో.

ముందు బేసిక్స్. మన అపార్ట్‌మెంట్‌లో కరెంట్ పోతే జనరేటర్ ఆన్ చేస్తారు కదా? సముద్రంలో ఉండే చాలా ప్లాట్‌ఫామ్‌లకి కరెంట్ లైనే ఉండదు, 24 గంటలూ జనరేటరే. పంపులు, కంప్రెషర్లు, అక్కడే ఉండి పనిచేసేవాళ్ల గదులు, వంటిల్లు, అన్నీ దాని మీదే. కింద నుంచి వచ్చే గ్యాస్‌లోనే కొంత కాల్చి టర్బైన్లు తిప్పుతారు. నార్వే మొత్తం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో దాదాపు నాలుగో వంతు ఈ ఆయిల్, గ్యాస్ తీసే పని నుంచే వస్తుంది. అందులోనూ ఎక్కువ వాటా ఈ టర్బైన్లదే.

మరి తగ్గించండి బాబూ అని బతిమాలితే కంపెనీలు వింటాయా? నార్వే 1991లోనే కార్బన్ ట్యాక్స్ వేసింది. స్లైప్నర్ అనే ఫీల్డ్‌లో గ్యాస్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ వస్తుంది, దాన్ని వేరు చేయకపోతే ఆ గ్యాస్ అమ్ముడుపోదు. వేరు చేసి గాల్లోకి వదిలితే ట్యాక్స్. కంపెనీ లెక్క వేసుకుంది. 1996 నుంచి సముద్రం అడుగున, దాదాపు కిలోమీటర్ లోతులో ఉన్న ఇసుకరాయి పొరలోకి పంప్ చేయడం మొదలుపెట్టింది. ఏడాదికి పది లక్షల టన్నులకు దగ్గరగా!

ఇప్పుడు గాలిమరల సంగతి. ప్రాజెక్ట్ పేరు హైవిండ్ టాంపెన్, 2023లో అధికారికంగా ఓపెన్ చేశారు. 11 టర్బైన్లు, 88 మెగావాట్లు. అక్కడ నీళ్లు 260 నుంచి 300 మీటర్ల లోతు, పునాది వేయడం కుదరదు. అందుకే అవి తేలుతూ ఉంటాయి, గొలుసులతో లంగరు వేసి కట్టారు. స్నోర్రే, గుల్‌ఫాక్స్ ఫీల్డ్‌లలో ఐదు ప్లాట్‌ఫామ్‌ల కరెంట్‌లో ఏడాదికి దాదాపు 35 శాతం వీటి నుంచి వస్తుందని ప్లాన్. మిగతాదానికి, గాలి లేని రోజుకి, మళ్లీ గ్యాస్ టర్బైనే. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు బ్యాకప్ సర్వర్ ఎప్పుడూ తీసేసేవాళ్లం కాదు, ఇదీ అంతే.

అసలు మజా డబ్బు దగ్గరుంది. ప్రభుత్వ సంస్థ ఎనోవా దీనికి 230 కోట్ల క్రోన్ల వరకు గ్రాంట్ ఇచ్చింది. కట్టిన కంపెనీ ఈక్వినార్, అందులో 67 శాతం వాటా ప్రభుత్వానిదే. పైగా నార్వేలో ఆయిల్ లాభాల మీద ట్యాక్స్ 78 శాతం. ఖర్చు పెట్టింది లాభంలోంచి తీసేస్తారు కాబట్టి, కంపెనీ 100 క్రోన్లు పెడితే దాదాపు 78 క్రోన్ల ట్యాక్స్ తగ్గుతుంది. అంటే బిల్లులో పెద్ద భాగం జనానిదే. దీన్ని గవర్నమెంట్, ఇండస్ట్రీ సహకారం అంటారు. తప్పు అనను, కానీ ఎవరి జేబులోంచో తెలియాలి కదా.

ఇంకో మెలిక. ప్లాట్‌ఫామ్‌లో కాల్చకుండా మిగిలిన గ్యాస్ ఏమవుతుంది? అమ్మేయొచ్చు. యూరప్‌లో ఎవరో కాలుస్తారు, ఆ పొగ నార్వే ఖాతాలో పడదు. ఒక బ్యారెల్ ఆయిల్ వల్ల వచ్చే కార్బన్‌లో సింహభాగం తీసేటప్పుడు కాదు, మన బండి ట్యాంక్‌లో పడ్డాక వస్తుంది. తీసేటప్పుడు తగ్గినా తగ్గినట్టే, నేను ఒప్పుకుంటా. కానీ దానికి గ్రీన్ ఆయిల్ అని పేరు పెడితే మాత్రం నమ్మకండి.

గాలిమరల మీద కంటే పెద్ద గొడవ ఒడ్డు మీద నడుస్తోంది. ఉత్తరాన మెల్కోయా అనే దీవిలో గ్యాస్ ప్లాంట్ ఉంది. దాని టర్బైన్లు ఆపి గ్రిడ్ కరెంట్ ఇవ్వడానికి 2023 ఆగస్టులో ప్రభుత్వం ఓకే చెప్పింది. ఏడాదికి 8.5 లక్షల టన్నులు తగ్గుతుందని లెక్క. నార్వే కరెంట్ దాదాపు అంతా నీళ్ల నుంచి వస్తుంది కాబట్టి పేపర్ మీద సూపర్. కానీ అంత కరెంట్ అక్కడికి చేరాలంటే కొత్త లైన్లు వేయాలి, కొత్త గాలిమరలు పెట్టాలి. అవి వచ్చేది సామీ జనం రెయిన్‌డీర్ మేపుకునే నేల మీద. ప్లాంట్‌కి ఇచ్చేస్తే ఇంటి కరెంట్ బిల్లు పెరుగుతుందని మామూలు జనం కూడా అడ్డు చెబుతున్నారు. గ్యాస్ ప్లాంట్ ఇంకా ఎక్కువ ఏళ్లు నడవడానికి మా మేత భూమి ఎందుకు పోవాలి అని సామీలు అడుగుతున్నారు.