గొట్టాలకు రంగులెందుకు?

సింగరేణి గనుల నుంచి బొగ్గు రైళ్లలో రామగుండం ఎన్టీపీసీకి చేరుతుంది. అక్కడి 7 యూనిట్ల మొత్తం సామర్థ్యం 2,600 మెగావాట్లు. ఇలాంటి విద్యుత్ కేంద్రంలో ఎటు చూసినా గొట్టాలే. ఒకదాంట్లో చల్లని నీళ్లు, ఇంకోదాంట్లో 500 డిగ్రీలు దాటిన ఆవిరి, పక్కదాంట్లో ఆమ్లం. పైకి చూస్తే అన్నీ ఇనుప గొట్టాలే కదా, లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

రంగును బట్టి! మన దేశంలో దీనికి ఐఎస్ 2379 అనే ప్రమాణం ఉంది. నీటికి సముద్రపు ఆకుపచ్చ, గాలికి ఆకాశనీలం, నూనెలకు లేత గోధుమ, ఆమ్లాలకూ క్షారాలకూ ముదురు ఊదా, వాయువులకు పసుపు. ఆవిరి గొట్టం వెండిలా మెరుస్తుంది. మంటలార్పే నీటి గొట్టం మాత్రం ఎర్రగా ఉంటుంది.

మరి తాగే నీళ్లు, యంత్రాలను చల్లబరిచే నీళ్లు రెండూ నీళ్లేగా? అందుకే ఆకుపచ్చ మీద వేరే రంగుల పట్టీలు చుడతారు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది: మొదటి రంగు కుటుంబాన్ని చెబితే, పట్టీ మనిషిని చెబుతుంది.

పేరు రాస్తే చాలదా? అక్షరాలు చదవాలంటే దగ్గరికి వెళ్లాలి. రంగు దూరం నుంచే, చదవక ముందే కంటికి తెలిసిపోతుంది. లీకైనప్పుడు ఏ వాల్వు మూయాలో క్షణాల్లో తేల్చుకోవాలి.

అయితే కొందరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. అందుకే రంగు ఒక్కటే సరిపోదు. గొట్టం మీద పేరు కూడా రాస్తారు, లోపలిది ఎటు పారుతోందో బాణం గుర్తు వేస్తారు.