బువ్వ ఎక్కడికి పోవును, పాప ఎక్కడ పెరుగును?

"అమ్మ తిన్న బువ్వ కడుపుల ఉన్న చెల్లె మీద పడదా?" అని వెల్గటూరులో మూడేండ్ల పిల్లవాడు అడిగినచో నవ్వి ఊరకుండరాదు. ప్రశ్న సహేతుకమే, తికమక మన భాషలోనిది. జీర్ణాశయమునకును గర్భాశయమునకును మనము కడుపు అనియే అందుము. బువ్వసంచి వేరు, పాపసంచి వేరని చెప్పిన చాలును.

మామూలుగా గర్భాశయము తూకము సుమారు 60 గ్రాములు. 20 వారములకు బొడ్డు వరకు ఎదుగును. నెలలు నిండునాటికి, శిశువును లెక్కింపకయే, కిలోగ్రాము తూగును. జీర్ణాశయము పైకి నెట్టబడుటచే అమ్మ కొద్దికొద్దిగా పలుమార్లు తినును.

"మరి పాపకు బువ్వ?" అమ్మ రక్తములోని ఆహారసారము మాయ గుండా బొడ్డుతాడు వెంట చేరును, రెండు రక్తములు కలియవు. ఆ తాడు గుర్తే నీ బొడ్డు అని చూపవచ్చును. ఈ పనికై తల్లి రక్తము దాదాపు సగము పెరుగును. ఇనుము, మాంసకృత్తులు అధికముగా కావలెను. బిడ్డ లావెక్కునని గర్భిణికి తిండి తగ్గించు పెద్దలకు కూడ ఈ జవాబు వినిపింపవలెను. 2015లో తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి భోజనములో గ్రుడ్డును, పాలును చేర్చినది ఇందుకే.