నేలఉసిరిపై పరిశోధన... ల్యాప్‌టాప్‌తోనే తొలి అడుగు!

హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని తేలింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకుల ఈ అధ్యయనం 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వచ్చింది. మీలో చాలామంది కోరుకుంటున్న కొలువులు చేస్తున్నవాళ్లే వాళ్లంతా. ఆ జబ్బుకు మందు వెతకడమే మీ కెరియర్ కూడా కావచ్చు.

వానలు పడితే ఉప్పునుంతల చేలగట్ల మీద నేలఉసిరి దానంతటదే మొలుస్తుంది. పసిరికలకు దాన్ని వాడటం మన ఊళ్లలో పాత అలవాటే. మరి అందులోని ఫిలాంథిన్ ఫ్యాటీ లివర్‌కు పనికొస్తుందా? ల్యాబ్‌కు వెళ్లే ముందే కంప్యూటర్‌లో తొలి వడపోత చేసేయొచ్చు. బీఫార్మసీ, బీఎస్సీ, బీటెక్... ఎవరైనా మొదలుపెట్టొచ్చు.

ఎలా చేస్తారు?

చెన్నైలోని ఐఎంఎస్‌సీ సంస్థ రూపొందించిన ‘ఇంపాట్’ డేటాబేస్‌లో 4,010 భారతీయ ఔషధ మొక్కలు, 17,967 రసాయనాల వివరాలున్నాయి. అక్కడి నుంచి ఫిలాంథిన్ నిర్మాణం తీసుకోండి. దాని అణుభారం సుమారు 418. నోటి ద్వారా వేసుకునే మందుకు 500 మించకపోతే మేలని లిపిన్‌స్కీ సూత్రం. అంటే ఈ మెట్టు దాటినట్టే.

తర్వాత టార్గెట్. కాలేయంలో కొవ్వు కరిగేందుకు తోడ్పడే ప్రొటీన్ ‘థైరాయిడ్ హార్మోన్ రిసెప్టర్ బీటా’. 2024 మార్చిలో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన రెస్మెటిరోమ్ పనిచేసేది దీని మీదే. ప్రొటీన్ డేటా బ్యాంక్ నుంచి దాని త్రీడీ నిర్మాణం డౌన్‌లోడ్ చేసుకుని, ‘ఆటోడాక్ వినా’లో ఫిలాంథిన్ ఎంత బాగా అతుక్కుంటుందో చూడాలి. తాళంలో తాళంచెవి పెట్టి చూసినట్టన్నమాట. దీన్నే డాకింగ్ అంటారు. ఈ టూల్స్ అన్నీ ఉచితమే.

స్కోరు చూసి మురిసిపోవద్దు

మంచి స్కోరు రాగానే ‘మందు దొరికింది’ అని రాసేస్తే పప్పులో కాలేసినట్టే. ముందు మూడు పరీక్షలు చేయండి. ఒకటి, ఆ ప్రొటీన్ నిర్మాణంలో ముందే ఉన్న అణువును తీసి మళ్లీ డాక్ చేయండి. అసలు స్థానానికి 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు తేడాతో కూర్చుంటేనే మీ పద్ధతి సరైనది. రెండు, రెస్మెటిరోమ్ స్కోరుతో పోల్చండి. మూడు, గుండెలో ఎక్కువగా ఉండే ఆల్ఫా రిసెప్టర్‌కూ అతుక్కుంటుందేమో చూడండి. అతుక్కుంటే అది ప్రమాద సూచన.

పసుపులోని కర్కుమిన్ సంగతే చూడండి. ల్యాబ్ పరీక్షల్లో ఎన్నో ప్రొటీన్లపై పనిచేసినట్టు కనిపించినా, 120కి పైగా క్లినికల్ ట్రయల్స్ జరిగినా గట్టి ఫలితం రాలేదని 2017లో ఒక సమీక్ష తేల్చింది. మొక్క కదా, హాని చేయదనీ అనుకోవద్దు. గ్రీన్ టీ సారంతో కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. కాబట్టి మీ ఫలితం చూపించి ఎవరికీ కషాయం తాగించకండి.

ఎక్కడికి వెళ్లొచ్చు?

హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, బాలానగర్‌లోని నైపర్, తార్నాకలోని ఐఐసీటీ ఈ రంగంలో పేరున్నవి. గేట్, జీప్యాట్ స్కోర్లు పీజీకి దారి చూపుతాయి. సైన్స్, ఫార్మసీ వాళ్లు పైథాన్, ఆర్‌డీకిట్ నేర్చుకోండి. కంప్యూటర్స్ వాళ్లు బయోకెమిస్ట్రీ బేసిక్స్ పట్టండి.

ఒక మొక్క, ఒక ప్రొటీన్, పై మూడు పరీక్షలతో చిన్న ప్రాజెక్టు చేసి గిట్‌హబ్‌లో పెట్టండి. ఫలితం ‘పనిచేయదు’ అని వచ్చినా దాచొద్దు. ‘ఈ స్కోరును ఎందుకు నమ్మాలి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, మీ దగ్గర జవాబు ఉంటుంది.