ఒక్కొక్క మడత

షోలాపూరులోని మన నేతగాళ్ళ పేటలలో పొద్దున లేస్తూనే మరమగ్గాల మోత వినిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ దుప్పట్లు, తువ్వాళ్ళు నేస్తున్నాయి. ఈ పేటలలో ఏదో ఒక ఇంటి గడప దగ్గర, ఈడు వచ్చినా బడికి పోకుండా కూర్చున్న పిల్లవాణ్ణి మీరు చూసే ఉంటారు. వానికి మాట ఆలస్యంగా వచ్చింది. చొక్కా గుండీ పెట్టుకోవడం ఇంకా రాదు. "వానికేం తెలుస్తుంది?" అంటారు ఇరుగుపొరుగువారు. తల్లి బీడీల చేట పక్కన పెట్టి వానికి అన్నం తినిపిస్తుంది. ఆమె తరువాత ఎవరు తినిపిస్తారు?

ఈ స్థితిని మేధోవైకల్యం అంటారు. ఇది పిచ్చి కాదు, అంటురోగమూ కాదు. పుట్టుకకు ముందో, కాన్పు సమయంలోనో, పసితనంలోనో మెదడు ఎదుగుదల కుంటుపడితే, నేర్చుకొనే వేగం తగ్గుతుంది. మాత్రలు మింగితే పోయేది కాదు గాని, ఓపికగా నేర్పితే పనులు వస్తాయి. అలా నేర్పడానికి ప్రత్యేక శిక్షణ ఉంది.

ఆ శిక్షణలో మొదటి పాఠం చూడడం. పిల్లవానికి ఏమి రాదో కాక, ఏమి వచ్చో, ఎంత సాయంతో వచ్చో రాసుకోవాలి. రెండవది పనిని విడదీయడం. తువ్వాలు మడవడమే తీసుకొందాం. మనకది ఒక్క పని. నేర్పేవారికి మాత్రం పరచడం, అంచులు కలపడం, సగానికి మడవడం, మళ్ళీ మడవడం, దొంతిలో పెట్టడం - ఇన్ని పనులు. పైగా తరచు చివరి నుంచి మొదలుపెడతారు! మడతలన్నీ ఉపాధ్యాయుడే వేసి, దొంతిలో పెట్టడం మాత్రం పిల్లవానికి వదులుతాడు. పని పూర్తిచేసిన సంతోషం ప్రతిసారీ వానిదే అవుతుంది. అది వచ్చాక చివరి మడత, తరువాత దాని ముందుది. మొదట చేయి పట్టి చేయిస్తారు, తరువాత సైగ, ఆపైన ఒక్క మాట. సాయం తగ్గించడం సాయం చేయడం కంటే కష్టం. తల్లిదండ్రులకు ఇది బాగా తెలుసు.

ఈ విద్య నేర్పడానికి 1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ఇప్పుడు దానిని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారతా సంస్థ అంటున్నారు. పన్నెండవ తరగతి అయినవారికి ప్రత్యేక విద్యలో రెండేళ్ళ డిప్లొమా ఉంది. భారత పునరావాస మండలి చట్టం 1992లో వచ్చింది. ఆ మండలి పట్టికలో పేరు లేకుండా ఈ వృత్తి చేయడం నేరం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, నలభై శాతం లేక అంతకు మించి వైకల్యం ఉన్నట్లు ధ్రువీకరించిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. అంటే గడప దగ్గర కూర్చున్న పిల్లవానికీ బడి ఉండాలి, ఆ బడిలో నేర్పగలవారూ ఉండాలి.

మన పేటల నుంచి ఈ వృత్తిలోకి పోయేవారికి ఒక అనుకూలం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ వినే పిల్లవాడు పరీక్షించేవారి ప్రశ్నకు పలకకపోతే, తెలివి లేక పలకలేదా, మాట అర్థం కాక పలకలేదా? ఈ తేడా తెలియకపోతే పిల్లవాణ్ణి తప్పుగా అంచనా వేస్తారు. "పాణీ" అంటే తల ఎత్తనివాడు, "నీళ్ళు" అంటే చెంబు వైపు చూడవచ్చు. ఆ చూపును కూడా పుస్తకంలో రాసుకోవాలి.