చేప మేతలో చేపల పొడికి బదులేమిటి?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని గోల్‌బజార్‌లో బెంగాలీ, హిందీలతో పాటు తెలుగూ వినిపిస్తుంది. బెంగాల్‌కు ఆంధ్రతో ఉన్న మరో బంధం చేప. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె దశాబ్దాలుగా ఐసు పెట్టెల్లో ఆ రాష్ట్రానికి వెళ్తున్నాయి. అక్కడ వాటి పేర్లు రుయి, కాత్లా.

ఈ చేపల మేత చాలావరకు మొక్కల నుంచి వచ్చేదే. నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క వంటివి చిల్లుల సంచుల్లో నింపి చెరువులో కర్రలకు కడతారు. మేతలో లోటుపడే పోషకాలను నీటిలో సహజంగా పెరిగే ప్లవకాలు కొంతవరకు పూరిస్తాయి.

రొయ్యల సంగతి వేరు. 2009 తర్వాత మన దేశంలో విస్తరించిన వనామీ రొయ్యలను ఎక్కువ సాంద్రతలో పెంచుతారు. వాటికి సహజాహారం చాలదు, గుళికల మేత కావాలి. అందులో ముఖ్యమైన దినుసు చేపల పొడి, అంటే ఫిష్‌మీల్. కిలో పొడికి సుమారు 4 నుంచి 5 కిలోల పచ్చి చేపలు పడతాయి. ఇందుకు వాడే కవ్వళ్ల వంటి చిన్న చేపలు పేదలకు చవకైన పోషకాహారం కూడా. పైగా ఈ సరఫరాకు భరోసా లేదు. 1972-73లో ఎల్‌నినో, మితిమీరిన వేట కలిసి పెరూలో నెత్తళ్ల వేటను దెబ్బతీయడంతో ప్రపంచమంతటా ఫిష్‌మీల్‌కు కొరత వచ్చింది.

సోయా సరిపోతుందా?

ఫిష్‌మీల్‌లో మాంసకృత్తులు 60-70 శాతం, సోయా చెక్కలో 44-48 శాతం ఉంటాయి. అయితే అసలు చిక్కు అమైనో ఆమ్లాలతో వస్తుంది. సోయాలో మిథియోనైన్ తక్కువ. అత్యవసర అమైనో ఆమ్లాల్లో ఒక్కటి తగ్గినా మిగిలినవి పూర్తిగా కండగా మారవు. వాటిలోని నత్రజని అమ్మోనియాగా చెరువు నీటిలో కలుస్తుంది. ఇంకా, సోయాలోని ట్రిప్సిన్ నిరోధకాలు జీర్ణక్రియను అడ్డుకుంటాయి. ఫైటిక్ ఆమ్లం ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచి ఒంటికి అందనివ్వదు. పత్తి గింజల చెక్కలో గాసిపోల్ అనే విషపదార్థం ఉంటుంది.

వీటికి విరుగుళ్లు ఉన్నాయి. సరైన వేడి ట్రిప్సిన్ నిరోధకాలను నిర్వీర్యం చేస్తుంది. ఫైటేజ్ ఎంజైమ్ ఫాస్ఫరస్‌ను విడిపిస్తుంది. తగ్గిన మిథియోనైన్‌ను విడిగా కలపవచ్చు. చేప నూనెలోని ఈపీఏ, డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వులు సోయాలో లేవు. వాటిని సూక్ష్మ శైవలాల నుంచి పొందవచ్చు.

సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. అందుకే ఫిష్‌మీల్‌ను ఒక్కసారిగా తీసేసి, ఎదుగుదల మందగిస్తే నష్టం రైతుదే. ఒకే గింజను నమ్ముకోకుండా, ఒకదాని లోటును మరొకటి తీర్చేలా దినుసులను కలుపుతూ చేపల పొడిని క్రమంగా తగ్గించడమే ఆచరణసాధ్యమైన దారి.