ఆపరేషన్ తరువాత ఏకాంత విశ్రాంతి



ఈ వారం ఒక సహోదరి ఉత్తరముతో మొదలుపెడతాను. ఆమె పేరు, ఊరు చెప్పను. ఆమెకు 48 సంవత్సరాలు. ఎనిమిది వారాల క్రితం పొట్ట కోసి గర్భసంచి తీసివేసే ఆపరేషన్ జరిగింది. ఆమె ఇలా వ్రాసింది: "అయ్యగారూ, నేను ఎవరి మీదా అలగలేదు. ఇంట్లో అందరూ మంచివారే. కానీ నాలుగు రోజులు ఎక్కడికైనా ఒక్కదాన్నే వెళ్ళి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకోవాలని ఉంది. ఈ మాట అంటే మా ఆయన, 'నలుగురూ ఏమనుకుంటారు? మేము నిన్ను చూసుకోవడం లేదనుకోరా?' అంటున్నారు. నా కోరిక పాపమా?"

అమ్మా, మీ కోరిక పాపము కాదు. అయితే "సరే, వెళ్ళండి" అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోలేను. ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడికి వెళ్ళాలి, ఎలా వెళ్ళాలి అనేవి తెలుసుకొని వెళ్ళాలి. ఈ రోజు వాటిని గూర్చి ధ్యానించుకుందాము.

మొదట మీ శరీరములో ఏమి జరుగుచున్నదో గమనించండి. పైన కుట్లు మానడానికి పది రోజులో, రెండు వారాలో పడుతుంది. కుట్లు విప్పగానే ఇంట్లో వాళ్ళు "ఇక బాగైపోయింది" అనుకుంటారు. కానీ లోపలి పొరలు గట్టిపడడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. గుండెకు బైపాస్ ఆపరేషన్ అయినవారికి రొమ్ము ఎముకను కోసి, మరల తీగెలతో బిగిస్తారు. ఆ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. శరీరము తన బలమునంతా ఆ మరమ్మతుకు ఖర్చు చేయుచున్నది. అందుకే నాలుగడుగులు వేస్తే ఆయాసము, పది నిమిషాలు మాట్లాడితే అలసట. నిద్ర సరిగా పట్టకపోవడము, కారణము లేకుండా కన్నీళ్ళు రావడము కూడా పెద్ద ఆపరేషన్ తరువాత చాలామందికి కలుగుతాయి. అది విశ్వాసము తగ్గిన గుర్తు కాదు. అయితే ఆ దిగులు రెండు వారాలు దాటినా వదలకపోతే, దాచుకోకుండా డాక్టరుగారికి చెప్పండి.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటి మీద నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిది మంది. అంటే మన సంఘములో ఆదివారము చాప మీద కూర్చునే స్త్రీలలో ఎందరో ఈ దారిలో నడిచినవారే. వారిలో ఎందరికి సరియైన విశ్రాంతి దొరికింది? ఆలోచించండి.

మన ఇళ్ళలో ఏమి జరుగుతుంది? ఆసుపత్రి నుండి రాగానే పరామర్శ మొదలవుతుంది. బంధువులు, ఇరుగుపొరుగువారు, సంఘస్థులు వస్తారు. అందరూ ప్రేమతోనే వస్తారు. కానీ రోగి ప్రతి ఒక్కరికీ మొదటి నుండి కథ చెప్పాలి. "మా పిన్నికి ఇలాగే అయి, తరువాత..." అని వాళ్ళు చెప్పేది వినాలి. వచ్చినవారికి టీ పెట్టమని కోడలికి సైగ చేయాలి. మూడవ వారానికి కోడలి అవస్థ చూడలేక తానే లేచి పొయ్యి దగ్గరకు వెళ్తుంది. ఐదవ వారానికి బిందె ఎత్తుతుంది. ఎవరూ ఆమెను బలవంతము చేయలేదు. ఇంట్లో ఉన్న స్త్రీ కంటికి పని కనబడుతూనే ఉంటుంది, అంతే.

ఇక్కడ ఒక మాట అడుగుతాను. కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి పంపుతాము. "నలుగురూ ఏమనుకుంటారు" అని ఎవరూ అడగరు. ఆమెకు విశ్రాంతి కావాలని మన పెద్దలకు తెలుసు కాబట్టే ఆ ఆచారము పెట్టారు. మరి యాభై ఏళ్ళ స్త్రీకి పెద్ద ఆపరేషన్ అయితే ఆమెకు పుట్టిల్లు ఏది? తల్లి లేదు, తండ్రి లేడు. ఉన్నా ఆమే వారికి వండిపెట్టాలి. ఆ ఉత్తరము వ్రాసిన సహోదరి అడుగుచున్నది విహారయాత్ర కాదు. నాలుగు రోజుల పుట్టిల్లు అడుగుచున్నది.

మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయములో ఏలీయాను చూడండి. గొప్ప కార్యము చేసిన తరువాత ఆయన పూర్తిగా నీరసించిపోయాడు. తన సేవకుని బెయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి వెళ్ళి, చెట్టు క్రింద పడుకొని, ఇక చాలునన్నాడు. దేవుడు ఆయనను గద్దించలేదు. ముందుగా నిద్ర ఇచ్చాడు, ఆహారము ఇచ్చాడు, మరల నిద్ర, మరల ఆహారము. మాటలు ఆ తరువాతనే. ఆ ఏకాంతము చివర దేవుడు ఆయనను తిరిగి పనికి పంపి, ఎలీషాను తోడుగా ఇచ్చాడు. ఏలీయా ఒంటరిగా ఉన్నాడు గాని, దిక్కులేకుండా లేడు. ఈ భేదమును మనస్సులో ఉంచుకోండి.

ఇప్పుడు స్థలమును గూర్చి. "కొండ గాలికి జబ్బు నయమవుతుంది" అని పెద్దలు అనడం విన్నాము. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము మీలో చాలామందికి తెలుసు. 1910ల కాలములో అనేక మిషనులు కలిసి క్షయరోగుల కొరకు అక్కడ ఆసుపత్రి నెలకొల్పినవి. 1940ల వరకు క్షయకు సరియైన మందు లేదు. విశ్రాంతి, మంచి గాలి, మంచి ఆహారము, ఇవే చికిత్స. తరువాత మందులు వచ్చినవి. 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టి, కొందరు రోగులను ఆరోగ్యకేంద్రములో ఉంచి, కొందరిని ఇరుకు ఇళ్ళలోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వెలువడినవి. ఇంట్లో ఉన్నవారు కూడా దాదాపు అంతే బాగా కోలుకున్నారు.

దీని నుండి ఏమి నేర్చుకుంటాము? స్థలము మందుకు బదులు కాదు. ఏ కొండకు వెళ్ళినా మాత్రలు మానకూడదు, డాక్టరు దగ్గరకు వెళ్ళవలసిన తేదీ తప్పకూడదు.

అలాగని స్థలము వలన ప్రయోజనమే లేదా? ఉన్నది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో ఒక ఆసుపత్రిలో పిత్తాశయము ఆపరేషన్ అయిన 46 మంది వివరాలను రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు 1984లో ప్రకటించాడు. సగం మందికి కిటికీలో చెట్లు కనబడేవి. సగం మందికి ఇటుక గోడ కనబడేది. చెట్లు కనబడినవారు సుమారు ఒక రోజు ముందుగా ఇంటికి వెళ్ళారు, నొప్పికి బలమైన మందులు తక్కువ తీసుకున్నారు. చిన్న పరిశోధనే అయినా మన అనుభవానికి దగ్గరగా ఉన్నది. నిశ్శబ్దము, పచ్చదనము నొప్పిని భరించడానికి సహాయము చేస్తాయి.

కాబట్టి వెళ్ళదలచినవారు ఈ సంగతులు గమనించండి.

మొదటిది, సమయము. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు మరల పరీక్షించి "ప్రయాణము చేయవచ్చు" అన్న తరువాతనే బయలుదేరండి. సాధారణముగా పెద్ద ఆపరేషన్‌కు ఆ పరీక్ష ఆరు వారాల దగ్గర ఉంటుంది. మొదటి రెండు వారాలలో ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళవద్దు.

రెండవది, స్థలము. రెండు మూడు గంటల ప్రయాణములో ఉన్న చోటు చాలును. ఉదాహరణకు మదనపల్లె ప్రాంతము వారు హార్స్‌లీ కొండకు వెళ్ళాలనుకుంటారు. అది 1,200 మీటర్లకు పైగా ఎత్తు, చల్లగా ఉంటుంది. కానీ ఘాట్ రోడ్డు మలుపులలో కుదుపు ఉంటుంది, రాత్రి అవసరమైతే క్రిందికి దిగాలి. ఇప్పుడు క్రింద పట్టణములోనే, ఆసుపత్రికి దగ్గరగా, చెట్లున్న ఒక గది చూసుకోండి. కొండ వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. గది క్రింది అంతస్తులో ఉండాలి, భోజనము గదికి తెచ్చి ఇవ్వాలి, బాత్‌రూమ్‌లో కాలు జారకూడదు.

మూడవది, ప్రయాణము. గంటకొకసారి దిగి నాలుగడుగులు వేయండి. ఆపరేషన్ అయిన కొన్ని వారాల వరకు కాలి పిక్కలో రక్తము గడ్డకట్టే ప్రమాదము ఉంటుంది. కదలకుండా కూర్చుంటే అది పెరుగుతుంది. సంచి మీరు మోయవద్దు. నాలుగైదు కిలోల కంటే బరువు ఎత్తవద్దు. బైపాస్ అయినవారు స్కూటరు జోలికి వెళ్ళవద్దు.

నాలుగవది, కాగితాలు. డిశ్చార్జి కాగితము, మందుల చీటీ, రెండు రోజులు అదనముగా మాత్రలు, డాక్టరుగారి నంబరు ఒకే కవరులో పెట్టుకోండి.

ఐదవది, తోడు. ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి ఇంట్లో ఒక్కరికే ఫోన్ చేయండి. మిగిలినవారికి ఆ ఒక్కరే చెప్తారు. గది ఇచ్చినవారికి మీ ఆపరేషన్ సంగతి ముందే చెప్పండి. రాత్రి తలుపుకు లోపల గడియ వేయకుండా ఉండగలిగే చోటైతే మరీ మంచిది. జ్వరము 100.4 డిగ్రీలకు చేరినా, గాయము ఎర్రబడి చీము కారినా, ఎక్కువ రక్తస్రావము అయినా, ఒక కాలు వాచి నొప్పి పుట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. రొమ్ములో నొప్పి గాని, ఉన్నట్టుండి ఊపిరాడకపోవడము గాని కలిగితే 108కి ఫోన్ చేయండి. "ప్రార్థన చేసుకొని తెల్లవారే వరకు చూద్దాము" అనవద్దు. ప్రార్థన వాహనములో కూర్చొని కూడా చేయవచ్చును.

ఆరవది, అక్కడ ఏమి చేయాలి? నిద్రపోండి. పప్పు, గుడ్డు, పెరుగు, పండు వేళకు తినండి. నీళ్ళు బాగా త్రాగండి. పొద్దున, సాయంత్రము మెల్లగా నడవండి. వాక్యము కొద్దిగా చదవండి. ఒక ముఖ్యమైన మాట: ఉపవాస కూటాలకు, రాత్రి జాగరణ ప్రార్థనలకు వెళ్ళి దానిని విశ్రాంతి అనుకోవద్దు. గాయము మానే దినాలలో శరీరానికి ఆహారము, నిద్ర కావాలి. షుగరు మాత్రలు వేసుకునేవారు ఉపవాసముంటే ప్రాణము మీదికి వస్తుంది.

"మాకు గదులు తీసుకునే స్తోమత లేదు" అనేవారు ఉంటారు. సంఘస్థులారా, ఈ మాట మీకే. మీ ఇంట్లో ఖాళీగా ఉన్న ఒక గదిని ఐదు రోజులు ఒక సహోదరికి ఇవ్వగలరా? కథ అడగకుండా, వేళకు గంజి ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి రాగలరా? పరామర్శకు పది మంది వెళ్ళడం కన్న అది గొప్ప పరిచర్య. అదీ వీలుకాని ఇంట్లో, మధ్యాహ్నము రెండు గంటలు ఆమె గది తలుపు ఎవరూ తట్టకుండా భర్త బయట కూర్చుంటే చాలును.

ఆ సహోదరి భర్తగారికి ఒక మాట. అయ్యా, నలుగురూ అడిగితే "నేనే పంపాను" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూతపడతాయి. బస్సులో కాకుండా కారులో మీరే దింపి రండి, ఐదవ రోజున మీరే వెళ్ళి తీసుకొని రండి. ఆమె తిరిగి వచ్చేసరికి బిందెలు నింపే పని ఎవరిదో ఇంట్లో నిర్ణయించి ఉంచండి. లేకపోతే ఐదు రోజుల విశ్రాంతి ఒక్క పూటలో కరిగిపోతుంది.

అమ్మా, మీరు వెళ్ళి రండి. ఒంటరిగా వెళ్ళండి గాని, దిక్కులేనట్టు వెళ్ళకండి. మంచము మీద ఉన్న ప్రతివారిని, వారికి సేవ చేసి అలసిన ప్రతివారిని ప్రభువు జ్ఞాపకము చేసుకొని, నిద్రను, బలమును అనుగ్రహించును గాక. ఆమెన్.