నల్లమల గాలిలో కాగితపు విమానము

వార్షిక పరీక్షలు ముగిసిన సాయంకాలమున ఆత్మకూరులో మిద్దె ఎక్కి చూచినవారికి, ఏడాది పొడవునా లెక్కలును వ్యాకరణమును మోసిన నోటుపుస్తకముల పుటలు, బాలుర చేతులలో నాలుగైదు మడతలు పడి, తూర్పున నీలముగా గోచరించు నల్లమల దిక్కునకు ముక్కు సాచి ఎగురుట కన్నులపండువుగా నుండును. వానిలో ఒకటి గోడ దాటకమునుపే కూలిపోవుటకును, వేరొకటి వీధి దాటి పొరుగువారి వేపచెట్టు చేరుటకును గల కారణమేమని అడిగిన బాలుడు వాయుశాస్త్రమున ప్రవేశించినట్లే యని నా దృఢవిశ్వాసము.

చదరపు మీటరుకు 80 గ్రాములు తూగు ఏ4 కాగితము ఒక్కటి చాలును. దాని బరువు సుమారు 5 గ్రాములు. దానిని నిలువుగా సమభాగములగునట్లు మడచి, మడతపై గోరు గీచి, విప్పవలెను. పై మూలలు రెండును ఆ నడిమి గీతను తాకునట్లు మడచినచో త్రికోణ మేర్పడును. ఆ త్రికోణమునంతను క్రిందికి దించి, క్రొత్తగా ఏర్పడిన మూలలను, త్రికోణపు కొన కొంచెము బయట మిగులునట్లు, మరల గీతవద్దకు తెచ్చి, ఆ కొనను వానిపైకి మడచి బంధింపవలెను. పిమ్మట బంధము వెలుపలికి కనబడునట్లు కాగితమును నడిమికి మడచి, ఇరువైపుల రెక్కలను దించినచో విమానము సిద్ధము.

ఇన్ని మడతలును ముందుభాగముననే ఏల? మడత పడని పుటను మిద్దెపైనుండి విడిచినచో అది పల్టీలు కొట్టుచు, తనకే తెలియని చోట పడును. గాలి రెక్కలను పైకెత్తు బలమంతయు ఒక్కచోట కూడినట్లు భావించినచో, విమానపు బరువు ఆనుచోటు దానికి ముందుండుట అవసరము. అట్లున్నప్పుడు ముక్కు పైకి లేచినంతనే వెనుకభాగమును గాలి మరింతగా ఎత్తి, ముక్కును దానంతట అదే దించును. రెండు రెక్కల క్రింద రెండు వ్రేళ్లనుంచి, విమానము ఎచట తూగి నిలుచునో చూచిన బాలునకు ఈ మర్మము పుస్తకము లేకయే బోధపడును.

తొలిసారియే చక్కగా ఎగిరిన విమానమును నేను ఎన్నడును చూడలేదు. దిద్దుకొనుటయందే ఈ విద్యయొక్క రుచి యున్నది. ముక్కు క్రిందికి పొడుచుకొనిపోయినచో రెక్కల వెనుక అంచులను వెంట్రుకవాసి పైకి వంచవలెను. తల యెత్తి, నిలిచి, ధబ్బున కూలినచో ఆ వంపు తగ్గింపవలెను. ఎడమకు తిరుగుచుండినచో ఎడమ రెక్క వెనుక అంచును కొంచెము క్రిందికి వంచినచో ఆ రెక్క పైకి లేచును. ముందునుండి చూచినప్పుడు రెక్కలు రెండును కొంచెము పైకి లేచియుండుట మేలు. విమానము ఒకవైపు ఒరిగి జారునప్పుడు ఆ వైపు రెక్కకు గాలి హెచ్చుగా తగిలి, దానిని మరల లేవనెత్తును. ఒక్కొక్కసారి ఒక్కొక్క మార్పు మాత్రమే చేయవలెను, లేనిచో ఏ మార్పు ఫలించెనో తెలియదు.

ఈ విద్య నల్లమలకు క్రొత్త కాదు. వేగిస కాయ చుట్టును రెక్కవంటి పలుచని అంచుండును. నల్లమద్ది కాయకు ఐదు రెక్కలుండును. వానిని గాలి తల్లిచెట్టు నీడనుండి దూరమునకు కొనిపోవును.

రైటు సోదరులకు 1878లో తండ్రి తెచ్చియిచ్చినది వెదురు, బెండు, కాగితములతో చేసి, రబ్బరు పట్టీతో ఎగురవేయు బొమ్మ. ఆ బొమ్మనుండియే తమకు ఎగురుటయందు ఆసక్తి కలిగెనని వారే చెప్పియున్నారు. 1903 డిసెంబరు 17న వారిలో ఒకడైన ఆర్విల్ విమానమున చేసిన తొలి ప్రయాణము 12 సెకండ్లు. జపానుకు చెందిన టకువో టోడా 2010లో విసరిన కాగితపు విమానమో, 29.2 సెకండ్లు గాలిలో నిలిచెను! దూరమున మాత్రము 2012లో జాన్ కాలిన్స్ రూపొందించిన విమానము 69.14 మీటర్లు పోగా, 2022లో అమెరికా యువకులు 88 మీటర్లు దాటించిరి. దీర్ఘకాలము నిలుచుటకు వెడల్పు రెక్కలును, దూరము పోవుటకు బాణమువంటి సన్నని రూపమును అనుకూలమని పలువురి అనుభవము. కాలిన్స్ విమానము మాత్రము తేలుచునే అంత దూరము పోయినది.

మన జిల్లా ప్రక్కనే, ఓర్వకల్లువద్ద, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేర 2021 మార్చిలో విమానాశ్రయము తెరువబడినది. అయినను ఆత్మకూరు బాలునకు విమానాశ్రయము తన మిద్దెయే. వేసవి మధ్యాహ్నము కాగిన నేలనుండి వేడిగాలి పైకి లేచును. గ్రద్దలు రెక్కలాడింపకయే సుళ్లు తిరుగుచు ఎక్కునది ఆ గాలిమీదనే. కాగితపు విమానము అందు చిక్కినచో కన్ను చెదరునంత ఎత్తునకు పోవచ్చును, కాని తిరిగివచ్చునని నమ్మరాదు. విమానమును దిద్దుకొనుటకు గాలి లేవని ప్రాతఃకాలమే తగినది. గట్టిగా విసరక, భుజముప్రక్కనుండి, ముక్కును కొంచెము క్రిందికి వంచి, చేయి జార్చినట్లు మెల్లగా విడువవలెను.